పాఠకుల ప్రశ్నలు – జవాబులు: సోర్స్ నుంచి లినక్స్ నిర్మాణంలో లైబ్రరీల దారి తప్పినప్పుడు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ‘లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్’ పుస్తకాన్ని అనుసరిస్తూ, సోర్స్ కోడ్ నుంచి సొంత లినక్స్ వ్యవస్థను నిర్మించుకుంటున్న పాఠకులవే. జెరార్డ్ బీక్‌మన్స్ 1999లో ప్రారంభించిన ఈ ప్రాజెక్టు ఇప్పటికీ ఏటా రెండు సంచికలుగా వెలువడుతూనే ఉంది. ఉత్తరాల్లోని ఇబ్బందులు పైకి వేరువేరుగా కనిపించినా దాదాపు అన్నీ ఒక్క విషయం దగ్గరే కలుస్తున్నాయి. లైబ్రరీ (అనేక ప్రోగ్రాములు పంచుకునే కోడ్ ఫైలు) కోసం వెతికేది ఒక్కరు కాదు. ప్రోగ్రామును నిర్మించేటప్పుడు లింకర్ వెతుకుతుంది, నడిపేటప్పుడు లోడర్ వెతుకుతుంది, నిర్మించినదాన్ని ఎక్కడ పెట్టాలో ఆ ప్యాకేజీ కాన్ఫిగర్ స్క్రిప్టు నిర్ణయిస్తుంది. ఈ మూడింటి జాబితాలు మూడు. దోషం ఎవరి జాబితాలో ఉందో తేల్చుకోకుండా ఫైళ్లు కాపీ చేయడం, లింకులు పెట్టడం మొదలుపెడితే, దొరకవలసిన ఆధారం కూడా చెరిగిపోతుంది. ఆదేశాలను, ఫైళ్ల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాము. టెర్మినల్‌లో వాటిని వాటి అసలు అక్షరాల్లోనే టైపు చేయాలి.

ప్రశ్న: నేను 64 బిట్ ఇంటెల్ యంత్రం మీద పుస్తకంలోని ఆరో అధ్యాయం వరకు పూర్తి చేశాను. సీహెచ్‌రూట్ (ఒక డైరెక్టరీనే మూల డైరెక్టరీగా చూపే ఆదేశం) ద్వారా కొత్త వ్యవస్థలోకి వెళ్లబోతే, ‘/యూఎస్ఆర్/బిన్/ఎన్వ్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అని వస్తోంది. ఆ ఫైలు అక్కడే ఉంది, అనుమతులూ సరిగ్గానే ఉన్నాయి. ఎల్‌డీడీతో (ప్రోగ్రాముకు కావలసిన లైబ్రరీలను చూపే ఆదేశం) చూస్తే లైబ్రరీలన్నీ దొరుకుతున్నట్టే చూపిస్తోంది. స్నేహితుడి సలహాతో హోస్ట్ (నిర్మాణానికి వాడుతున్న పాత వ్యవస్థ) యంత్రంలోని /లిబ్64 డైరెక్టరీని మొత్తంగా కాపీ చేస్తే ఆ సందేశం పోయింది కానీ, ‘సింబల్ లుకప్ ఎర్రర్’ అంటూ చివర ‘జీలిబ్‌సీ_ప్రైవేట్’ అనే మాటతో కొత్త సందేశం వస్తోంది. ఏం చేయాలి? – ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: మీరు చూసిన మొదటి సందేశం ఎన్వ్ ఫైలు గురించి కాదు. డైనమిక్‌గా లింకు అయిన ప్రోగ్రామును నడపమని అడిగినప్పుడు కెర్నెల్ ముందుగా ఆ ఫైలులో ‘ప్రోగ్రామ్ ఇంటర్‌ప్రెటర్’ అని రాసి ఉన్న పేరును చదివి, ఆ పేరుగల లోడర్‌ను మెమరీలోకి తెస్తుంది. మిగిలిన లైబ్రరీలను వెతికి తెచ్చే పని ఆ లోడర్‌ది. ఆ లోడరే కనిపించకపోతే కెర్నెల్ ‘ఫైలు లేదు’ అనే ఎర్రర్‌నే తిరిగి ఇస్తుంది. ఏ ఫైలు లేదో చెప్పే అవకాశం ఆ ఎర్రర్‌లో లేదు కనుక, సీహెచ్‌రూట్ తాను నడపబోయిన ప్రోగ్రాము పేరునే చూపిస్తుంది. కళ్ల ముందు ఉన్న ఫైలునే లేదంటున్నారంటే లోడర్ లేదని అర్థం చేసుకోవాలి.

దీన్ని నిర్ధారించుకోవడానికి హోస్ట్ నుంచి ‘రీడ్‌ఎల్ఫ్ -ఎల్ $ఎల్ఎఫ్ఎస్/యూఎస్ఆర్/బిన్/ఎన్వ్’ అనే ఆదేశం ఇవ్వండి. ఇక్కడ ‘ఎల్’ చిన్న అక్షరం; $ఎల్ఎఫ్ఎస్ అంటే కొత్త వ్యవస్థను నిర్మిస్తున్న డైరెక్టరీ. వచ్చిన ఫలితంలో ఇంటర్‌ప్రెటర్ దగ్గర ‘/లిబ్64/ఎల్‌డీ-లినక్స్-ఎక్స్86-64.ఎస్ఓ.2’ అని ఉండాలి. 64 బిట్ ఇంటెల్, ఏఎమ్‌డీ యంత్రాల బైనరీ ఒప్పందంలో లోడర్ చిరునామాను ఇలాగే స్థిరపరిచారు కాబట్టి, డిస్ట్రిబ్యూషన్ తన లైబ్రరీలను ఎక్కడ దాచుకున్నా కంపైలర్ ఈ చిరునామానే రాస్తుంది. అదే 64 బిట్ ఆర్మ్ యంత్రం మీదైతే అది ‘/లిబ్/ఎల్‌డీ-లినక్స్-ఏఆర్చ్64.ఎస్ఓ.1’ అవుతుంది, అందుకే రాస్ప్‌బెర్రీ పై మీద నిర్మించేవారికి ఈ చిక్కు ఎదురుకాదు. పుస్తకం లైబ్రరీలన్నింటినీ /యూఎస్ఆర్/లిబ్‌లోనే ఉంచుతుంది. జీలిబ్‌సీని (సీ భాష మూల లైబ్రరీల ప్యాకేజీని) కాన్ఫిగర్ చేసేటప్పుడు ఇచ్చే ‘లిబ్‌సీ_సీవీ_ఎస్‌లిబ్‌డిర్=/యూఎస్ఆర్/లిబ్’ అనే మాట వల్ల లోడర్ కూడా అక్కడికే చేరుతుంది. ఒప్పందం చెప్పే చోటుకూ లోడర్ నిజంగా ఉన్న చోటుకూ మధ్య వంతెన, $ఎల్ఎఫ్ఎస్/లిబ్64లో పెట్టే రెండు సింబాలిక్ లింకులు (మరో ఫైలు వైపు చూపే పేర్లు) మాత్రమే. ఐదో అధ్యాయంలో జీలిబ్‌సీ విభాగం మొదట్లోనే, యంత్రం రకాన్ని బట్టి మారే ఒక చిన్న ‘కేస్’ భాగంలో ఆ లింకుల ఆదేశాలు ఉంటాయి. చేత్తో టైపు చేసేవారు దాన్ని వివరణ అనుకుని దాటిపోవడం చాలా తరచుగా జరుగుతుంది.

మీ దోషం కేవలం ఈ లింకులదేనా, ఇంకా లోతైనదా అని తేల్చడానికి ఒక మంచి పరీక్ష ఉంది. లోడర్ తనంతట తాను నడవగల ప్రోగ్రాము. దానికి మరో లోడర్ అవసరం లేదు. కనుక రూట్‌గా ‘సీహెచ్‌రూట్ $ఎల్ఎఫ్ఎస్ /యూఎస్ఆర్/లిబ్/ఎల్‌డీ-లినక్స్-ఎక్స్86-64.ఎస్ఓ.2 --లిస్ట్ /యూఎస్ఆర్/బిన్/బాష్’ అని ఇచ్చి చూడండి. బాష్‌కు కావలసిన లైబ్రరీల పేర్లు, అవి దొరికిన చోట్లు వరుసగా వస్తే, మీరు నిర్మించినదంతా బాగానే ఉందనీ, తప్పిపోయినవి లింకులేననీ నిశ్చయంగా చెప్పవచ్చు. లోడర్ ఫైలే /యూఎస్ఆర్/లిబ్‌లో లేకపోతే, జీలిబ్‌సీని కాన్ఫిగర్ చేసినప్పుడు పైన చెప్పిన మాట జారిపోయి, లైబ్రరీలు లిబ్64 డైరెక్టరీలకు వెళ్లి ఉంటాయి. అప్పుడు జీలిబ్‌సీ దగ్గరి నుంచి మళ్లీ మొదలుపెట్టక తప్పదు.

ఎల్‌డీడీ మిమ్మల్ని తప్పుదోవ పట్టించిందనే చెప్పాలి. హోస్ట్ మీద నడిచే ఎల్‌డీడీ హోస్ట్ లోడర్‌నే పిలుస్తుంది, ఆ లోడర్ హోస్ట్ డైరెక్టరీల్లోనే వెతుకుతుంది. కాబట్టి అది చూపిన ‘లిబ్‌సీ.ఎస్ఓ.6’ మీరు నిర్మించినది కాదు, మీ ఉబుంటులోనో ఫెడోరాలోనో ఉన్నది. కొత్త వ్యవస్థ ఫైళ్లను బయటి నుంచి పరీక్షించేటప్పుడు ఎల్‌డీడీని పూర్తిగా పక్కన పెట్టి, ప్రోగ్రామును నడపకుండా దానిలో రాసి ఉన్నదాన్ని మాత్రమే చదివి చెప్పే రీడ్‌ఎల్ఫ్‌ను వాడండి.

ఇక మీ స్నేహితుడి సలహా గురించి. లోడర్, లిబ్‌సీ రెండూ జీలిబ్‌సీ ప్యాకేజీలోని భాగాలే. తమలో తాము మాట్లాడుకోవడానికి అవి వాడే లోపలి సింబల్స్‌కు (ఫంక్షన్ల, డేటా పేర్లకు) ‘జీలిబ్‌సీ_ప్రైవేట్’ అనే గుర్తు ఉంటుంది. ఒక వెర్షన్‌కూ మరో వెర్షన్‌కూ మధ్య అవి ఎలాగైనా మారవచ్చు. హోస్ట్ నుంచి వచ్చిన లోడర్ ఒక వెర్షన్‌ది, మీరు నిర్మించిన లిబ్‌సీ మరో వెర్షన్‌ది కావడంతో ఒకదాని మాట మరొకదానికి అందలేదు. ఒక విధంగా ఇది మీకు మేలే చేసింది. రెండు వెర్షన్లూ ఒకటే అయి ఉంటే ఈ కలగాపులగం బయటపడకుండానే మీరు చివరి అధ్యాయం వరకు వెళ్లిపోయేవారు.

బాగుచేసేటప్పుడు ముందుగా ‘ఎకో $ఎల్ఎఫ్ఎస్’ అని ఇచ్చి /ఎంఎన్‌టీ/ఎల్ఎఫ్ఎస్ అని వస్తోందో లేదో చూసుకోండి. ఆ వేరియబుల్ ఖాళీగా ఉన్న షెల్‌లో రూట్‌గా $ఎల్ఎఫ్ఎస్/లిబ్64ను తొలగిస్తే పోయేది హోస్ట్ లోడరే. ఆ తరువాత ఆ యంత్రంలో దాదాపు ఏ ప్రోగ్రామూ నడవదు. చూసుకున్నాక, కాపీ చేసిన లిబ్64ను తీసివేసి, కొత్తగా డైరెక్టరీ చేసి, పుస్తకంలో ఉన్నట్టే ‘../లిబ్/ఎల్‌డీ-లినక్స్-ఎక్స్86-64.ఎస్ఓ.2’ వైపు రెండు లింకులూ పెట్టండి. మొదటి రెండు చుక్కలను వదలవద్దు. ‘/లిబ్/’ అని స్లాష్‌తో మొదలయ్యే లింకు సీహెచ్‌రూట్ లోపల సరిగ్గానే పనిచేస్తుంది కానీ, బయటి నుంచి చూసినప్పుడు హోస్ట్ లైబ్రరీ వైపు తిరుగుతుంది. ఇదే సందర్భంలో $ఎల్ఎఫ్ఎస్/బిన్, $ఎల్ఎఫ్ఎస్/లిబ్, $ఎల్ఎఫ్ఎస్/ఎస్‌బిన్ లింకులను కూడా ‘ఎల్ఎస్ -ఎల్’తో చూడండి, అవి ‘యూఎస్ఆర్/లిబ్’ అన్నట్టుగా స్లాష్ లేకుండా మొదలు కావాలి. అక్కడ స్లాష్ ఉంటే, రూట్‌గా చేసే ఇన్‌స్టలేషన్ హోస్ట్ వ్యవస్థ మీదికే పోతుంది. మీరు సీహెచ్‌రూట్ లోపల ఇంకా ఏదీ నిర్మించలేదు కాబట్టి, ఈ సవరణ తరువాత ఆగిన చోటి నుంచే కొనసాగవచ్చు.

ప్రశ్న: సీహెచ్‌రూట్‌లోకి వెళ్లగలిగాను. అక్కడ మొదటి ప్యాకేజీ కాన్ఫిగర్ స్క్రిప్టే ‘సీ కంపైలర్ కెనాట్ క్రియేట్ ఎగ్జిక్యూటబుల్స్’ అంటూ ఆగిపోయింది. కాన్ఫిగ్.లాగ్ చూస్తే, నేను ఎన్నడూ నిర్మించని ఒక లైబ్రరీ లేదని ఎల్‌డీ (లింకర్) ఆగిపోతోంది. ఆ లైబ్రరీ హోస్ట్ యంత్రంలో మాత్రం ఉంది. దాన్ని కాపీ చేసి, ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌లో (లోడర్ అదనంగా వెతకవలసిన చోట్లను చెప్పే వేరియబుల్‌లో) ఆ చోటు చేర్చవచ్చా? – సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, హైదరాబాద్

జవాబు: దయచేసి కాపీ చేయకండి. మీ ప్రశ్నలోనే అసలు సంగతి ఉంది: ఇప్పుడు ఫిర్యాదు చేస్తున్నది లోడర్, కానీ తప్పు జరిగింది అంతకుముందు, లింకర్ పని చేసిన సమయంలో. ఆరో అధ్యాయంలో నిర్మించిన బిన్‌యుటిల్స్‌లో (లింకర్ ఉండే ప్యాకేజీలో) హోస్ట్ లైబ్రరీ పేరు చేరిపోయింది. ‘రీడ్‌ఎల్ఫ్ -డీ’తో ఎల్‌డీ ఫైలును చదివితే ‘నీడెడ్’ అనే వరుసల్లో ఆ పేరు కనిపిస్తుంది. హోస్ట్ ఫైలును తెచ్చి పెడితే ఆ వరుసకు జవాబు దొరుకుతుంది కానీ, హోస్ట్ నుంచి ఇంకా ఏమేమి చొరబడ్డాయన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది.

మొదటి బిన్‌యుటిల్స్‌ను ‘--విత్-సిస్‌రూట్=$ఎల్ఎఫ్ఎస్’ అని కాన్ఫిగర్ చేస్తారు కాబట్టి, దానిలోని క్రాస్ లింకర్ తన అంతర్గత జాబితాలోని ప్రతి డైరెక్టరీకీ ముందు $ఎల్ఎఫ్ఎస్‌ను చేర్చుకుని వెతుకుతుంది. /యూఎస్ఆర్/లిబ్ అంటే దానికి $ఎల్ఎఫ్ఎస్/యూఎస్ఆర్/లిబ్ అని అర్థం. అయితే ఎవరైనా ఆదేశంలోనే పెద్ద ‘ఎల్’ ఆప్షన్‌తో ‘-ఎల్/యూఎస్ఆర్/లిబ్’ అని స్పష్టంగా ఇస్తే, లింకర్ దాన్ని ఉన్నదున్నట్టుగా, అంటే హోస్ట్ డైరెక్టరీగానే తీసుకుంటుంది. సిస్‌రూట్ కట్టిన గోడలో ఉన్న సందు ఇదే, దీనిలోంచి ఎక్కువగా దూరేది, లైబ్రరీల నిర్మాణానికి వాడే లిబ్‌టూల్ స్క్రిప్టు. బిన్‌యుటిల్స్ తనతో తెచ్చుకునే లిబ్‌టూల్ ప్రతి పాతది, సిస్‌రూట్ సంగతి దానికి తెలియదు. అందుకే పుస్తకం ఆరో అధ్యాయంలో, రెండోసారి బిన్‌యుటిల్స్‌ను నిర్మించే ముందు, ‘ఎల్‌టీమెయిన్.ఎస్‌హెచ్’ ఫైలులోని ఒకానొక వరుసలో ‘$యాడ్_డిర్’ అనే మాటను, ఫైలులోని మాటలను మార్చే సెడ్ ఆదేశంతో తీసివేయమంటుంది.

ఆ సెడ్ ఆదేశంలో వరుస సంఖ్య ఉంటుందని గమనించండి. బిన్‌యుటిల్స్ వెర్షన్ మారితే ఆ మాట వేరే వరుసకు జరగవచ్చు. చెప్పిన వరుసలో ఆ మాట లేకపోయినా సెడ్ ఏ ఫిర్యాదూ చేయకుండా, ఏమీ మార్చకుండా, విజయవంతంగా ముగిసినట్టే ముగుస్తుంది. పుస్తకం ఒక సంచికది, సోర్స్ ప్యాకేజీ మరో సంచికది అయినప్పుడు ఈ తప్పు ఏ సందేశమూ లేకుండా జరిగిపోతుంది. పుస్తకంలో ఉన్న వెర్షన్‌నే వాడడం ఉత్తమం. ఏదైనా కారణంతో కొత్తది వాడినా, సెడ్‌కు ముందు అసలు ఫైలుకు ఒక ప్రతి ఉంచుకుని, తరువాత డిఫ్‌తో పోల్చి, ఒక వరుస నిజంగా మారిందని చూసుకోవాలి. వరుస సంఖ్యలతో రాసిన ప్రతి సవరణ విషయంలోనూ ఈ అలవాటు చేసుకోమని పాఠకులందరినీ కోరుతున్నాను.

లిబ్‌టూల్‌తోనే వచ్చే మరో ఇబ్బంది ‘.ఎల్ఏ’ అనే పొడిగింపుతో ముగిసే చిన్న టెక్స్ట్ ఫైళ్లు. లైబ్రరీ ‘/యూఎస్ఆర్/లిబ్’లో ఉందని వాటిలో సంపూర్ణ మార్గం రాసి ఉంటుంది, తరువాతి ప్యాకేజీ లిబ్‌టూల్ దాన్ని చదివి నేరుగా హోస్ట్ డైరెక్టరీకి వెళుతుంది. అందుకే ‘లిబ్‌ఎస్‌టీడీసీ++’ వంటివి ఇన్‌స్టాల్ అయిన వెంటనే వాటి .ఎల్ఏ ఫైళ్లను తొలగించమని పుస్తకం చెబుతుంది. ఆ ఒక్క వరుస ఆదేశాన్ని మానేసినవారికి దాని ఫలితం చాలా ప్యాకేజీల తరువాత గానీ కనిపించదు.

ఇవి రెండూ సరిగ్గా ఉంటే, ఎల్ఎఫ్ఎస్_టీజీటీ వేరియబుల్ సంగతి చూడండి. దాని విలువ ‘ఎక్స్86_64-ఎల్ఎఫ్ఎస్-లినక్స్-గ్నూ’ అని రావాలి. నడుమ ఉన్న ‘ఎల్ఎఫ్ఎస్’ అనే మాట అలంకారం కాదు. అది హోస్ట్ పేరుతో కలవదు కాబట్టే కాన్ఫిగర్ స్క్రిప్టు తాను క్రాస్ కంపైల్ చేస్తున్నానని గ్రహించి, ఆ పేరుతో మొదలయ్యే జీసీసీ కంపైలర్‌ను వెతుకుతుంది. వేరియబుల్ ఖాళీగా ఉంటే ‘--హోస్ట్=’ తరువాత ఏమీ ఉండదు; అప్పుడు స్క్రిప్టు హోస్ట్ జీసీసీనే పట్టుకుంటుంది, ఆపైన తయారయ్యే ప్రతిదీ హోస్ట్ లైబ్రరీలకే అతుక్కుంటుంది. కాన్ఫిగ్_సైట్ వేరియబుల్‌ను $ఎల్ఎఫ్ఎస్/యూఎస్ఆర్/షేర్/కాన్ఫిగ్.సైట్‌కు మళ్లించమనడం కూడా ఇటువంటి జాగ్రత్తే. లేకుంటే హోస్ట్ డిస్ట్రిబ్యూషన్ తన కోసం రాసుకున్న అమరికలను కాన్ఫిగర్ స్క్రిప్టులు చదివేసే ప్రమాదం ఉంది.

ఎంత వెనక్కి వెళ్లాలన్నది చొరబాటు ఎంత దూరం పాకిందన్న దాని మీద ఆధారపడుతుంది. $ఎల్ఎఫ్ఎస్/యూఎస్ఆర్/బిన్‌లోని ప్రోగ్రాములన్నింటి మీదా, $ఎల్ఎఫ్ఎస్/యూఎస్ఆర్/లిబ్‌లోని .ఎస్ఓ ఫైళ్లన్నింటి మీదా రీడ్‌ఎల్ఫ్ -డీ నడిపి, ‘నీడెడ్’ పేర్లను పోగుచేసి, పునరావృతాలు తీసివేసి చూడండి. ఆ జాబితాలోని ప్రతి పేరూ $ఎల్ఎఫ్ఎస్ లోపలే ఉండాలి. లేని పేరు బిన్‌యుటిల్స్‌లో మాత్రమే కనిపిస్తే, దానిని ఒక్కదానినే మళ్లీ నిర్మిస్తే చాలు. రెండోసారి చేసే జీసీసీ, $ఎల్ఎఫ్ఎస్/టూల్స్‌లోని క్రాస్ పరికరాలతో తయారైనదే కాని, ఈ బిన్‌యుటిల్స్‌తో కాదు. అయితే ఏడో అధ్యాయంలో ఫైళ్ల యాజమాన్యాన్ని రూట్‌కు మార్చి ఉంటారు. వెనక్కి వెళ్లే ముందు వర్చువల్ ఫైల్ సిస్టమ్‌లను అన్‌మౌంట్ చేసి, ఆ డైరెక్టరీలను ఎల్ఎఫ్ఎస్ యూజర్‌కు తిరిగి అప్పగించి, ఆ యూజర్‌గానే పని చేయండి. రూట్‌గా చేస్తే త్వరగా అవుతుందనిపిస్తుంది, కానీ దారి తప్పిన ఇన్‌స్టలేషన్‌ను హోస్ట్ గడప దగ్గర ఆపేది ఆ యూజర్‌కు అనుమతులు లేకపోవడమే.

ప్రశ్న: జీలిబ్‌సీ కాన్ఫిగర్ చేస్తుంటే, ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌లో ప్రస్తుత డైరెక్టరీ ఉండకూడదని చెప్పి ఆగిపోతోంది. నా వేరియబుల్‌లో ‘:/ఆప్ట్/లిబ్’ అని మాత్రమే ఉంది, చుక్క ఎక్కడా లేదు. – విద్యార్థిని, కాకినాడ

జవాబు: మొదట ఉన్న కోలన్ దీనికి కారణం. కోలన్‌కు ఎడమ వైపు ఏమీ లేకపోతే దాన్ని ఖాళీ పేరుగా, ఖాళీ పేరును ప్రస్తుత డైరెక్టరీగా లోడర్ లెక్కిస్తుంది. బాష్ ప్రారంభ ఫైలులో పాత విలువకు కోలన్ చేర్చి కొత్త చోటు రాసే వరుస ఉన్నప్పుడు, పాత విలువ ఖాళీగా ఉంటే ఇలా జరుగుతుంది. జీసీసీ కూడా లైబ్రరీ_పాత్ అనే వేరియబుల్ విషయంలో ఇదే అభ్యంతరం చెబుతుంది. ‘అన్‌సెట్’తో దాన్ని తీసివేస్తే ఈ సందేశం పోతుంది కానీ, పుస్తకం చెప్పిన పద్ధతిలో ‘ఎన్వ్ -ఐ’తో మొదలయ్యే శుభ్రమైన షెల్‌లో ఈ వేరియబుల్ అసలు కనిపించకూడదు. ‘ఎస్‌యూ’ తరువాత గీత పెట్టకుండా ఎల్ఎఫ్ఎస్ యూజర్‌గా మారారేమో, హోస్ట్‌లోని /ఈటీసీ/బాష్.బాష్ఆర్‌సీ ఫైలును పక్కకు తప్పించారో లేదో చూసుకోండి.

ప్రశ్న: నా పరీక్షలో ఇంటర్‌ప్రెటర్ ‘/టూల్స్/లిబ్64/’తో మొదలవుతోంది. నా దగ్గరున్న నోట్సులో కూడా అదే సరైనదని ఉంది. కొత్త పుస్తకంలో మాత్రం వేరేగా ఉంది. – పాఠకుడు, తిరుపతి

జవాబు: మీ నోట్సు పాత పద్ధతికి చెందినది. 2020 సెప్టెంబరులో వచ్చిన 10.0 సంచికకు ముందు, తాత్కాలిక పరికరాలన్నీ /టూల్స్‌లోని లైబ్రరీలకే లింకు అయ్యేవి. తరువాత ఒక దశలో కంపైలర్ స్పెక్స్‌ను (దాని అమరికల ఫైలును) సవరించి అసలు చోటుకు మళ్లించేవారు. 10.0 నుంచి సిస్‌రూట్ ఆధారంగా పూర్తి క్రాస్ కంపైలింగ్ పద్ధతికి మారారు కాబట్టి, ఏ దశలోనూ ఇంటర్‌ప్రెటర్‌లో /టూల్స్ రాకూడదు. రెండు పద్ధతులు కలిసిన నిర్మాణాన్ని సరిదిద్దడానికి శ్రమ పడవద్దు; మొదటి బిన్‌యుటిల్స్ నుంచి కొత్త పుస్తకం ప్రకారమే మళ్లీ ప్రారంభించండి.

ప్రశ్న: మూల వ్యవస్థ పూర్తయింది, చక్కగా బూట్ అవుతోంది. ఇప్పుడు అదనపు ప్యాకేజీలు నిర్మిస్తుంటే /యూఎస్ఆర్/లిబ్64 అనే డైరెక్టరీ దానంతట అదే పుట్టుకొచ్చింది. అందులోకి చేరిన లైబ్రరీని తరువాతి ప్యాకేజీ గుర్తించడం లేదు, పీకేజీ-కాన్ఫిగ్ కూడా లేదంటోంది. లిబ్64ను లిబ్‌కు సింబాలిక్ లింకుగా మార్చితే సరిపోతుందా? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: ఇక్కడ లింకర్, లోడర్ కాదు, మూడో పక్షం దారి తప్పింది: ఇన్‌స్టాల్ చేసే చోటును నిర్ణయించే బిల్డ్ వ్యవస్థ. ఆటోకాన్ఫ్ స్క్రిప్టులు సాధారణంగా ప్రిఫిక్స్ కింద ‘లిబ్’నే ఎంచుకుంటాయి. సీమేక్ తనతో వచ్చే ‘గ్నూఇన్‌స్టాల్‌డిర్స్’ మాడ్యూల్ ద్వారా, డెబియన్ కుటుంబం వంటి కొన్నింటిని మినహాయిస్తే, 64 బిట్ లినక్స్‌కు ‘లిబ్64’ అని నిర్ణయించేస్తుంది. ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌కు కూడా ఇదే అలవాటు కాబట్టి పుస్తకం దానికి ‘--లిబ్‌డిర్=లిబ్’ అని ప్రత్యేకంగా ఇస్తుంది. మెసాన్ తీరు ఇంకా ఆలోచించదగినది. /యూఎస్ఆర్/లిబ్64 అనే నిజమైన డైరెక్టరీ ఉంటే అది ‘లిబ్64’ను ఎంచుకుంటుంది, లేకపోతే ‘లిబ్’నే వాడుతుంది. అంటే ఒక సీమేక్ ప్యాకేజీ పొరపాటున ఆ డైరెక్టరీని సృష్టిస్తే, ఆ తరువాత వచ్చే మెసాన్ ప్యాకేజీలన్నీ దాని వెంటే వెళ్లిపోతాయి. మీ యంత్రంలో జరిగింది బహుశా ఇదే. ఆ డైరెక్టరీ అసలు ఉండకూడదని పుస్తకం నాలుగో అధ్యాయంలోనే గట్టిగా హెచ్చరించడంలో ఉద్దేశం కూడా ఇదే.

పీకేజీ-కాన్ఫిగ్ తనను నిర్మించినప్పుడు నిర్ణయమైన /యూఎస్ఆర్/లిబ్/పీకేజీకాన్ఫిగ్, /యూఎస్ఆర్/షేర్/పీకేజీకాన్ఫిగ్ డైరెక్టరీల్లో మాత్రమే లైబ్రరీల వివరాలుండే .పీసీ ఫైళ్లను వెతుకుతుంది, అందుకే లేదంటోంది. లింకర్ అంతర్గత జాబితాలో మాత్రం లిబ్64 డైరెక్టరీలు కూడా ఉంటాయి. కనుక ఒక ప్యాకేజీకి దొరికిన లైబ్రరీ మరో ప్యాకేజీకి దొరకని విచిత్ర పరిస్థితి ఏర్పడుతుంది.

సింబాలిక్ లింకును నేను సిఫారసు చేయను. అది పనిచేసినట్టే ఉంటుంది, కానీ ఏ ప్యాకేజీ తప్పు చోటు ఎంచుకుందో మీకు ఇక ఎన్నటికీ తెలియదు. ఒకే ఫైలుకు రెండు చిరునామాలు ఏర్పడి,.పీసీ ఫైళ్లలో, సీమేక్ ఫైళ్లలో ఒక్కోచోట ఒక్కోటి నమోదవుతుంది. దానికి బదులు, /యూఎస్ఆర్/లిబ్64లోని ఫైళ్లను తేదీల క్రమంలో చూసి, అన్నింటికంటే ముందు వచ్చిన ప్యాకేజీని గుర్తించండి. ఆ డైరెక్టరీని ఆనవాలు కోసం వేరే పేరుతో పక్కకు జరిపి, అందులోకి వెళ్లిన ప్యాకేజీలను అదే వరుసలో, సీమేక్ అయితే ‘-డీ సీమేక్_ఇన్‌స్టాల్_లిబ్‌డిర్=లిబ్’ అనీ, మెసాన్ అయితే ‘--లిబ్‌డిర్=లిబ్’ అనీ ఇచ్చి మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, చివర ఎల్‌డీకాన్ఫిగ్ నడపండి. ఇక ముందు ఇలా జరగకుండా, సీమేక్‌ను నిర్మించే ముందు ఆ మాడ్యూల్‌లోని ‘లిబ్64’ను ‘లిబ్’గా మార్చే సెడ్ ఆదేశం, మూల పుస్తకం తరువాత చదివే ‘బియాండ్ లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్’లో ఉంది. దాన్ని తప్పకుండా అమలుచేయండి.

ప్రశ్న: సోర్స్ నుంచి నిర్మించిన ఒక ప్రోగ్రాము నెలల తరబడి బాగానే పనిచేసింది. స్థలం కోసం /సోర్సెస్ డైరెక్టరీని తొలగించగానే, లైబ్రరీ దొరకలేదంటూ ఆగిపోయింది. దీనికీ దానికీ ఏమిటి సంబంధం? – పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ‘రీడ్‌ఎల్ఫ్ -డీ’ ఫలితంలో ‘ఆర్‌పాత్’ లేదా ‘రన్‌పాత్’ అనే వరుస ఉందేమో చూడండి, అందులో /సోర్సెస్‌తో మొదలయ్యే దారి తప్పకుండా కనిపిస్తుంది. ఇన్‌స్టాల్ చేయకుండానే ప్రోగ్రామును పరీక్షించుకోవడానికి వీలుగా, లిబ్‌టూల్, సీమేక్ రెండూ నిర్మాణ దశలో ఇటువంటి దారిని ఫైలులోనే రాస్తాయి. ‘మేక్ ఇన్‌స్టాల్’ చేసినప్పుడు అవసరమైన చోట లిబ్‌టూల్ మళ్లీ లింకు చేస్తుంది, సీమేక్ ఆ దారిని తొలగిస్తుంది. బిల్డ్ డైరెక్టరీ నుంచి, ముఖ్యంగా ‘.లిబ్స్’ అనే దాగిన డైరెక్టరీ నుంచి, ఫైలును చేత్తో కాపీ చేసినప్పుడు మాత్రం ఆ దారి అలాగే ఉండిపోతుంది.

లోడర్ వెతికే వరుస ఇది: రన్‌పాత్ లేకుండా ఆర్‌పాత్ మాత్రమే ఉంటే మొదట అది, తరువాత ఎల్‌డీ_లైబ్రరీ_పాత్, తరువాత రన్‌పాత్, ఆపైన ఎల్‌డీకాన్ఫిగ్ తయారుచేసే /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్ఓ.క్యాష్, చివరగా స్థిరమైన డైరెక్టరీలు. ఇన్నాళ్లూ మీ ప్రోగ్రాము క్యాష్ దాకా రానే లేదు. దాని లైబ్రరీ బిల్డ్ డైరెక్టరీలోనే దొరికిపోయేది. ఈ రెండింటికీ ఇంకో తేడా కూడా ఉంది. ఆర్‌పాత్ ఒక ప్రోగ్రాముకు కావలసిన లైబ్రరీలకే కాక, ఆ లైబ్రరీలకు కావలసిన వాటికి కూడా వర్తిస్తుంది. రన్‌పాత్ నేరుగా కావలసిన వాటికి మాత్రమే వర్తిస్తుంది. బిన్‌యుటిల్స్‌ను కాన్ఫిగర్ చేసేటప్పుడు పుస్తకం ‘--ఎనేబుల్-న్యూ-డీట్యాగ్స్’ అని ఇవ్వడం వల్ల ఆ లింకర్ రన్‌పాత్‌నే రాస్తుంది.

దీన్ని స్థలానికి సంబంధించిన చిన్న అసౌకర్యంగా మాత్రమే చూడవద్దని కోరుతున్నాను. ఆ దారి /టీఎంపీ వంటి, అందరూ రాయగల చోటు వైపు ఉంటే, అక్కడ ఎవరైనా అదే పేరుతో వేరే లైబ్రరీ పెట్టి, మీ ప్రోగ్రాము అనుమతులతో తమ కోడ్‌ను నడిపించగలరు. సోర్స్ మళ్లీ విప్పి ‘మేక్ ఇన్‌స్టాల్’ చేయడం అన్నింటికంటే మంచి పద్ధతి. అది వీలు కాకపోతే ‘ప్యాచ్‌ఎల్ఫ్ --రిమూవ్-ఆర్‌పాత్’తో ఆ వరుసను తీసివేసి, లైబ్రరీని /యూఎస్ఆర్/లోకల్/లిబ్‌లో ఇన్‌స్టాల్ చేసి, /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్ఓ.కాన్ఫ్‌లో ఆ డైరెక్టరీ ఉందని చూసుకుని, ఎల్‌డీకాన్ఫిగ్ నడపండి. ఆ తరువాత ‘ఎల్‌డీ_డీబగ్=లిబ్స్’ అనే వేరియబుల్‌ను ముందు పెట్టి ప్రోగ్రామును ఒకసారి నడిపితే, లోడర్ ఏ లైబ్రరీ కోసం ఏయే చోట్ల వెతికిందో వరుసగా తెర మీద చెబుతుంది; అందులో /సోర్సెస్ అనే పేరు ఎక్కడా రాకూడదు.